గార్డెన్ వైపు బాల్కనీ

మా అత్తగారికి సముద్రం పడదని మా బంధువులందరికీ తెలుసు. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఓడ ప్రయాణం మాట ఎత్తితే చాలు, ఆవిడ వైపు చూసి నవ్వుతారు. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

ఆవిడ చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్ నడిపారు. కోచింగ్‌కి వచ్చిన పిల్లలకు ఆదివారమైనా పండగైనా టిఫిను పెట్టాలి కాబట్టి సెలవన్నదే ఎరగరు. మోకాళ్ళు మొరాయించాక హాస్టల్ ఇంకొకరికి అప్పజెప్పి మా ఇంటికి వచ్చేశారు. ఏదైనా కోరుకోమని నా భార్య బతిమాలితే ఒక్కటే అడిగారు. ఓడెక్కి, ఏ పనీ లేకుండా కూర్చుని సముద్రం చూడాలని. పుట్టింది బందరు దగ్గరే అయినా ఆవిడ ఒడ్డు దాటింది లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ట్రావెల్స్‌కి ఆవిడను తీసుకుని వెళ్ళాను. సింగపూర్ నుంచి బయలుదేరే ఓడలు రెండు చూపించాడతను. ఒకటి పాతది, చిన్నది. రెండోది కొత్తగా వచ్చింది, ఊరంత ఉంది.

నేను ఎల్బీ నగర్‌లో ఫ్లాట్లు అమ్ముతాను. ఎప్పుడు కట్టారని అడగకుండా దేన్నీ చూడటం నాకు రాదు. ఓడల గురించీ అలాగే అడిగాను. లిఫ్టులెన్ని, స్విమ్మింగ్ పూల్ ఎంత, పిల్లలు ఆడుకోవడానికి ఏమున్నాయని.

"సార్, గీ పాతదాంట్ల ఆటలు గవన్నీ ఉండయ్," అన్నాడతను. "గని డెక్ చుట్టూ కుర్చీలే. కూసుంటే సముద్రం గింత దగ్గర కనవడ్తది."

అత్తగారు అతనిచ్చిన బొమ్మల పుస్తకంలో ఆ ఓడ మీదే వేలు పెట్టారు. "ఇది బాగుంది బాబూ. ఆ చెక్కనేల చూడండి, ఎంత శుభ్రంగా ఉందో."

"రీసేల్ అత్తయ్యగారూ అది," అన్నాను. "మీ వయసుంటుంది. పైపులు కారతాయి."

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడ వేలు తీసేశారు.

కొత్త ఓడే ఖాయం చేశాను. "ఆంటీ రూముకు బాల్కనీ సముద్రం దిక్కు జేద్దమా, గార్డెన్ దిక్కా సార్?" అని అడిగాడు. ఆ ఓడ నడిమధ్యలో, పైకప్పు లేనిచోట, నిజం మొక్కలతో తోట పెంచారట. నా వ్యాపారంలో పార్కు వైపు ఫ్లాటే ముందు అమ్ముడుపోతుంది. "గార్డెన్ ఫేసింగే," అన్నాను. సముద్రం ఎటు చూసినా ఉంటుందిగా అనుకున్నాను. పక్కనే ఉన్న ఆవిడను అడగాలని తోచలేదు.

ఓడలో ఆవిడ బాల్కనీ తలుపు తీస్తే కింద మొక్కలు, ఎదురుగా ఇంకో వరస బాల్కనీలు. ఒక దాంట్లో ఎవరో లావుపాటాయన బనీనుతో కూర్చుని ఆవిడకు చెయ్యూపాడు. సముద్రం జాడ లేదు. పై డెక్కుకి పోవాలంటే చాలా దూరం నడిచి లిఫ్టు కోసం నిలబడాలి. ఒకసారి నా భార్య చెయ్యి పట్టుకుని వెళ్ళారు. పైన చెవులు పగిలే పాటలు, కుర్చీలన్నిటి మీదా ఎవరెవరివో తువ్వాళ్ళు. నిలబడలేక వచ్చేశారు. భోజనాల దగ్గర పళ్ళేలు పట్టుకున్న వరస చూసి, "ఇదీ హాస్టలేనే అమ్మాయ్, వండేది నేను కాదంతే," అన్నారు. నా భార్య పకపకా నవ్వింది.

గది మార్చమని అడగొచ్చు. అడిగితే నా తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకున్నాను. నా భార్యకు మాత్రం ఆ గదులే మిగిలాయని చెప్పాను.

ఆ సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అమ్మ సముద్రం చూస్తోందా?"

అత్తగారు పక్కనే మంచం మీద ఉన్నారు. "మీ అమ్మకి సముద్రం పడటం లేదయ్యా," అన్నాను. "తల తిరుగుతోందని గది దాటి రావట్లేదు."

ఆవిడ నా వైపు చూశారు. తర్వాత ఫోన్ దగ్గరకు జరిగి, "అవున్నాన్నా, కాస్త తిప్పుతోంది," అన్నారు. నా భార్య కంగారుపడి మాత్ర తెచ్చింది. లేని జబ్బుకి ఆవిడ మాత్ర మింగారు. దిగేదాకా రోజూ మింగారు, అల్లుడి మాట పోకూడదని.

ఆ తర్వాత మేం అరకు వెళ్ళాం, ఊటీ వెళ్ళాం. ప్రయాణం పడదని ఆవిడను ఇంట్లోనే ఉంచాం.

మొన్న బావమరిది ఇంటికొచ్చాడు. పిల్లల పరీక్షలయ్యాక అందరం మళ్ళీ ఓడెక్కుదామన్నాడు. "ఈసారి ఆ పాత చిన్న ఓడే బావా. కొత్తదాంట్లో జాతరటగా."

"ఇంట్లో అమ్మకి తోడు ఎవర్నైనా చూడాలిరా," అంది నా భార్య. అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తలేదు.

అప్పుడు చెప్పాను. తోట వైపు గది కావాలని తీసుకున్నది నేనేనని, ఆవిడకు తల తిరగనే లేదని, అది నేను కల్పించిన మాటని.

"మరి ఆ మాత్రలు?" అంది నా భార్య.

మన్నించమని అడగడానికి అత్తగారి వైపు తిరిగాను. ఆవిడ కొడుకు వైపు చూస్తున్నారు.

"అయితే నేనూ రావచ్చా నాన్నా?"

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "అదేం మాటమ్మా," అంటూ బావమరిది ఆవిడ పక్కన కూర్చుని ఫోన్‌లో ఓడ బొమ్మ చూపించాడు. గది ఎటువైపు తీసుకోవాలో తల్లీ పిల్లలూ మాట్లాడుకున్నారు. నన్నెవరూ అడగలేదు.