తడి ఆరేదాకా

నావద్ద తెలుగు చదువుకొన్న ఒక అమ్మాయి ఏది అడిగినా వెంటనే బదులు చెప్పేది కాదు. తాండూరులో నాపరాళ్ళు నునుపు చేసే చోట పెరిగింది. బండపై నీళ్ళు చల్లి ఆరేదాకా ఆగితే, పగులున్న చోటే తడి నిలుస్తుందని అక్కడివారెరుగుదురు. ఆ ఆగడమే ఆమెకు స్వభావమైంది.

వైద్యచిత్రాల విశ్లేషణలో డాక్టరేటు పొంది, పై పరిశోధనకు చోటు కోసం ఏడాదిగా దరఖాస్తులు పంపుతోంది. చివరకొక ఇంటర్వ్యూ వచ్చింది. ఆనాడు తాండూరులో కరెంటు లేక, వికారాబాదులోని మా ఇంట కంప్యూటరు ముందు కూర్చుంది. తెరమీది పెద్దలు ఒక మెదడు స్కాను చూపి, అందులోని సన్నని గీత రోగమా కాదా అన్నారు. ఆమె చాలాసేపు చూసి, మరో కోణంలో తీసిన చిత్రం లేనిదే చెప్పలేనన్నది. కబురు చేస్తామని వారు ముగించారు.

"ఏదో ఒకటి చెప్పకపోయావా తల్లీ!" అన్నాను.

"నౌకరి కోసం అవునంటే, గా మనిషికి లేని రోగం అంటగట్టినట్టే గద సార్! పోతే పోనీయుండ్రి. జర చాయ్ పోయించుండ్రి, గొంతెండింది."

వారం తిరగకముందే ఫోను చేసింది.

"సార్, రమ్మన్నరు! గా ఒక్క స్కానుతోటి ఎవ్వరు చెప్పలేరంట. చెప్పినోళ్ళనే వద్దన్నరంట!"

ఆ సాయంత్రం పాలు పోసే ఆమె మొదలుకొని వీధిలో ఎదురైన వారందరికీ, ఎవరూ అడగకపోయినా, ఆ అమ్మాయి నా శిష్యురాలని చెప్పుకొన్నాను.