గ్లాసు కడిగిన నీళ్లు

ఆకివీడు దాటింది మొదలు రైలుకి రెండు వైపులా చేపల చెరువులే. ఎదుటి సీట్లో పెద్దాయన వాటినే చూస్తూ కూర్చున్నారు. తణుకులో స్టీలు సామాన్ల కొట్టట, సొంతూరు రాజస్థాన్ ఎడారిలోనట.

“మా ఊరి కోట చూడ్డానికి బస్సులేసుకుని వస్తారండి. సాయంత్రం ఎండకి పసుపు ముద్దలా ఉంటుంది. నేనైతే మెట్లబావి చూడమంటానండి. కోట రాజుగారిది. బావి మాత్రం కరువులో మా ముత్తాతలు తవ్వింది,” అన్నారు, అచ్చం మన గోదావరి యాసలో. తర్వాత సీసాలోంచి గ్లాసు నిండా మంచినీళ్లు పోసి, రెండు చేతులతో అందించారు.

గ్లాసు కడిగి తాగడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆ నీళ్లు గిర్రున తిప్పి కిటికీలోంచి పారబోసి, మళ్లీ పొయ్యమని గ్లాసు చాపాను.

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సీసాలో మిగిలిందంతా నా గ్లాసులో వంచేశారు.

“తాగండి, పర్లేదండి,” అని, ఖాళీ సీసాకి మూత జాగ్రత్తగా బిగించారు.

సిగ్గుతో నేను ఆ నీళ్లు చుక్క మిగల్చకుండా తాగాను. తణుకు దాకా ఆయన మళ్లీ ఊరి మాట ఎత్తలేదు. ఆ బావిలో ఇప్పుడు నీళ్లున్నాయా అని ఒక్క మాట అడగాల్సింది.