ఫెన్నా పాట వినడానికి హాలండ్ వెళ్ళినప్పుడు

మే నెలలో ఒక శుక్రవారం ఉదయం స్వరూపా నేనూ న్యూజెర్సీలోని పిస్కాటవే నుంచి బయలుదేరాం. ఇద్దరం ఒకే ఆఫీసులో టెస్టింగ్ పని చేస్తాం. ఆమెది కరీంనగర్, నాది తెనాలి. మిషిగన్‌లో హాలండ్ అనే ఊళ్ళో ట్యులిప్ పూలు చూడాలని తన కోరిక. అదే ఊళ్ళో ఉండే ఫెన్నాను చూడాలని నా కోరిక.

ఫెన్నా నెదర్లాండ్స్ గాయని. ప్రాజెక్టు పని మీద నేను ఆ దేశంలో ఉన్న రెండేళ్ళూ మా ఇంటి ఓనరమ్మ వంటింట్లో ఆమె పాట మోగుతూనే ఉండేది. ఆమె కథ కూడా ఓనరమ్మే చెప్పింది. ఫెన్నా తల్లి రేవులో చేపలు అమ్మేదట. చర్చిలో పాడుతున్న పిల్లను ఎవరో విని స్టూడియోకి తీసుకెళ్ళారట. పంతొమ్మిదో ఏట పాడిన ఒక్క పాట దేశమంతా పాకింది. చివర్లో గొంతు పైకి, ఇంకా పైకి వెళ్ళి అక్కడే నిలబడుతుంది. ఆ తర్వాత చేసిన ఆల్బమ్‌లు అమ్ముడుపోలేదు. రికార్డుల కంపెనీ వదిలేసింది. కీబోర్డు వాయించే ఒక అమెరికన్‌ని పెళ్ళి చేసుకుని ఫెన్నా ఇటు వచ్చేసింది. వాళ్ళ డచ్ భాషలో నాకు నాలుగు ముక్కలు అబ్బింది ఆ పాటతోనే.

న్యూఆర్క్ నుంచి చికాగోకు విమానం. అక్కడి రైల్వే స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న పులిహోర తిన్నాం. సాయంత్రం హాలండ్ రైలెక్కాం. వెళ్ళాలనుకునేవారు హోటలు ముందే బుక్ చేసుకోవాలి. పూల రోజుల్లో గదులు దొరకవు.

రైల్లో ఆ ఊరి పెద్దాయన ఒకరు మా ఎదురుగా కూర్చున్నారు. ఫెన్నా పేరు వినగానే ఆయన ముఖం విప్పారింది.

"మా చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది ఆవిడే. నిరుడు గొంతుకి ఆపరేషన్ అయింది, పాపం. పై స్థాయి ఇక పలకదు. ఆ పాత పాట మానేసి కొత్తవి రాసుకుంటోంది," అన్నారు.

అయ్యో అన్నాను. అన్నానంతే.

శనివారం పొద్దున్నంతా స్వరూపతో పూల వీధులు తిరిగాను. మధ్యాహ్నం రెండింటికి ఒక చిన్న హాల్లో కచేరీ. ఫెన్నాకు జుట్టు నెరిసింది. పక్కన కీబోర్డు ముందు భర్త. వాళ్ళమ్మ మీద రాసుకున్న పాటేదో తగ్గు స్థాయిలో పాడింది. నా మనసు దాని మీద లేదు. ఇంత దూరం వచ్చింది దీనికా అనుకుంటున్నాను. మరొకటి మొదలుపెట్టబోతుంటే లేచి నిలబడి, పాత పాట పాడమని డచ్‌లో అరిచాను.

స్వరూప చెయ్యి పట్టుకుని లాగింది. "కూసో! ఆ పెద్దాయన నిన్న ఏం చెప్పిండు?"

"ఒక్కసారే కదే," అన్నాను.

చుట్టూ చప్పట్లు మొదలయ్యాయి. ఫెన్నా భర్త వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. అయినా ఆమె మైకు దగ్గరకు జరిగింది. నేను ఫోన్ ఎత్తి, మా బంధువులూ స్నేహితులూ చూసేలా లైవ్ పెట్టాను.

చరణాలు ఎలాగో నెట్టుకొచ్చింది. చివరి ఎత్తుకు చేరేసరికి గొంతు జీరబోయి, వట్టి గాలి బయటకు వచ్చింది. వెనక ఎవరో నవ్వారు. ఫెన్నా గొంతు మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోయింది. భర్త లేచి మంచినీళ్ళు అందించాడు. ఆమె ఇంక పాడలేదు.

బయట సీడీల బల్ల దగ్గర ఆమే నన్ను పిలిచింది. "అడిగింది మీరే కదా? మా భాష ఎక్కడ నేర్చుకున్నారు?"

"మీ పాట వినే," అన్నాను.

ఆమె కళ్ళు చెమర్చాయి. "మా భాషలో అడిగేసరికి కాదనలేకపోయాను. ఎవరూ వీడియో తియ్యలేదు కదా? మా అమ్మాయి చూస్తే బాధపడుతుంది."

"నేను తియ్యలేదండీ," అన్నాను.

పక్కనున్న స్వరూప తల దించుకుంది.

ఆదివారం ఉదయం తిరుగు రైల్లో కూర్చున్నాకగాని ఫోన్ తెరిచే ధైర్యం రాలేదు. వీడియో కింద నవ్వు బొమ్మలు వరసగా ఉన్నాయి. "వదినా, ఏంటా కూత?" అని డాలస్ నుంచి మా ఆడపడుచు రాసింది. అప్పటికే తన ఫ్రెండ్స్‌కి కూడా పంపిందట.

"తీసేసినవా?" అడిగింది స్వరూప.

"తీసేశాను. వాళ్ళ దగ్గరున్నది తియ్యలేను కదా."

"ఆమెకు చెప్తవా మరి?"

నేను కిటికీ వైపు తిరిగాను.

హాలండ్ చూడదగ్గ ఊరు. మే నెలలో వెళ్ళండి. ఫెన్నా ఇంకా పాడుతుంటే ముందు వరసలో కూర్చుని, ఆమె ఏది పాడితే అది వినండి. వాళ్ళమ్మ మీద రాసిన పాట ఎలా ఉంటుందని నన్ను అడగకండి. ఆ హాల్లోనే ఉండి, నేను వినలేదు.