పిల్లల కంపెనీలో నన్ను కొలిచిన రోజు

నా చిన్నప్పుడు ఒకసారి మా నాయన నన్ను నాటకాల కంపెనీకి ఇచ్చేయడానికి తీసుకెళ్ళాడు. ఇచ్చేయడం అంటే ఇచ్చేయడమే. దాన్ని మెత్తగా చెప్పే మాట నాకు తెలియదు. మనవరాళ్ళు పుట్టాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఉన్నమాట రాయడమే నాకు వచ్చు.

ఆ కంపెనీని మా వైపు అందరూ పిల్లల కంపెనీ అనేవాళ్ళు. దాన్ని పెట్టినాయన ధర్మవరం పక్కన మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాడట. మొదట పెద్దవాళ్ళతోనే నాటకాలు ఆడించాడు. వాళ్ళు తాగారు, అలిగారు, రాజు వేషం నాకంటే నాకని కొట్టుకున్నారు. ఆయన విసిగిపోయి అందర్నీ పంపేసి పిల్లల్ని చేర్చుకున్నాడు. ఇక రాజూ పిల్లే, మంత్రీ పిల్లే, రాక్షసుడూ పిల్లే. తెల్లగడ్డం అతికించుకుని ముసలి మునిలా దగ్గేది కూడా పాలపళ్ళు ఊడని పిల్లే. జనానికి అది వింత. కుందుర్పి నుంచి గుమ్మఘట్ట దాకా బండ్లు కట్టుకుని తిరిగేవాళ్ళు. తెలుగు ఊళ్ళో తెలుగులో, కన్నడం మాట్లాడే ఊళ్ళో కన్నడంలో ఆడేవాళ్ళు. చూసేవాళ్ళకు అది వేడుక. ఆ పిల్లలకు మాత్రం అదే పని, అదే కూడు.

కంపెనీకి ఒక కట్టడి ఉండేది. నాటకమాడే చోట పక్కగా ఒక గుంజ పాతేవాళ్ళు. దాని మీద ఎర్రగీత గీసి ఉండేది. ఆ గీత కంటే పొడవు పెరిగిన పిల్లకు ఇక వేషం లేదు. పొట్టి రాజు పక్కన పొడుగు భటుడు నిలబడితే జనం నవ్వుతారని యజమాని భయం. గీత దాటితే ఎంత బాగా పాడే పిల్లయినా మూట సర్దుకోవలసిందే. ఎవరు బతిమాలినా ఆయన వినేవాడు కాదు. గుంజ ఎంత చెబితే అంతే.

ఆ ఏడు వాన పడలేదు. విత్తనానికని దాచిన వేరుశనగ కూడా ఒలుచుకుని తినేశాం. నూర్చడానికి ఏమీ లేక ఊరి కళ్ళం ఖాళీగా ఉంటే కంపెనీ అక్కడ దిగింది. నాయన నన్ను అందులో చేర్చాలనుకుంటున్నాడని ఇంట్లో గుసగుసలు విన్నాను. నాకేమీ బాధ కలగలేదు. కంపెనీ పిల్లలు వరి అన్నం తింటారని తెలుసు. నాకది చాలు.

పొద్దున్నే కళ్ళానికి పరిగెత్తి, రాజు వేషం కట్టే పిల్లతో స్నేహం కలిపాను. దానిది నా వయసే. మీసానికి పూసిన మసి ఇంకా మూతి మీద ఉంది.

"ఏమే, కంపెనీలో చేర్తావా?" అంది.

"చేర్తా."

"అట్లయితే రా, గుంజకాడ నిలబడు. అబ్బో, గీతకు జానెడు కిందుండావు! శానా ఏండ్లు కూడు తినొచ్చు నువ్వు. ఏదీ, ఒకసారి అరుచు చూద్దాం."

నేను అరిచాను. అవతల మేస్తున్న మేకలు బెదిరి పరిగెత్తాయి.

"గొంతుండాదే నీకు! రాక్షసుడి వేషం నీదే పో," అంది.

నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

మధ్యాహ్నం నాయన నన్ను తీసుకెళ్ళాడు. అమ్మ వాకిట్లోకి కూడా రాలేదు. యజమాని జ్వరంతో బండి నీడలో పడుకుని ఉన్నాడు. అన్నీ చూసుకునేది ఒకామె. అందరూ ఆమెను అక్కా అని పిలిచేవాళ్ళు. ఆమె కూడా ఏదో పాత కరువులో ఇచ్చేసిన పిల్లేనట. గీత దాటాక సొంత ఊరికి పోతే ఇల్లు తాళం వేసి ఉందట. అమ్మానాయనలు కూలి వెతుక్కుంటూ ఎక్కడికి పోయారో చెప్పేవాళ్ళు కూడా లేరట. మళ్ళీ కంపెనీకే వచ్చి, పిల్లలకు తలలు దువ్వుతూ, వండిపెడుతూ, వేషాల మాటలు నోటితో చెప్పి నేర్పుతూ ఉండిపోయింది.

"ఏమన్నా, పిల్లను తెచ్చినావా?" అంది.

"ఔ తల్లీ. గొంతుండాది. చెప్పిన పని చేస్తాది. కూడు పెడితే చాలు."

"పిల్లను చూసేదానికి మళ్ళా ఎప్పుడొస్తావు?"

నాయన తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

అక్క నాతో రాక్షసుడి మాటలు రెండు చెప్పించింది. నేను ప్రాణం పెట్టి అరిచాను. ఆమె నవ్వలేదు, బాగుందనలేదు. "ముందు తినండప్పా, కొలిచేది తర్వాత," అని మమ్మల్ని తెర వెనక కూర్చోబెట్టింది. వరి అన్నం, పప్పు వడ్డించారు. తింటుంటే తెర అవతల గడ్డపార చప్పుడు వినిపించింది. నాయన తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తిన్నాక నన్ను గుంజకు ఆనించి నిలబెట్టింది. ఎర్రగీత నా చెవి దగ్గర ఉంది.

"గీత దాటింది చూడన్నా. పనికిరాదు."

"ఇంతలేని పిల్ల దాటినాదా? సరిగ్గా చూడు తల్లీ."

"నువ్వే చూసుకో. నేను ఊ అన్నా మా పెద్దాయన ఒప్పుకోడు. గుంజ యాడన్నా అబద్ధం చెప్తాదా?"

నాయన నా నెత్తి మీద అరచెయ్యి ఆనించి గుంజకు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. చివరికి నా రెక్క పట్టుకుని బయలుదేరాడు. నేను దారి పొడవునా ఏడ్చాను.

"తిండి లేకనే ఇట్ల పెరిగినావు. ఉండింటే తాటిచెట్టయ్యేదానివి," అన్నాడు.

"నాయనా, పొద్దున నేను గీత కిందుంటి. జానెడు కిందుంటి."

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి కళ్ళం వైపు చాలాసేపు చూశాడు.

"అన్నం తింటివి గదా. పెరిగింటావులే."

నేను నమ్మాను. ఒక్క పూట వరి అన్నం తింటే జానెడు పెరుగుతారని నమ్మి, ఇంటికి రాగానే గుమ్మానికి ఆనుకుని చూసుకున్నాను. నిన్న ఉన్నంతే ఉన్నాను. పనికిరానని చెబితే అమ్మ నన్ను గట్టిగా పట్టుకుని, "మేలాయెలే, మేలాయెలే" అంది. పనికిరాకపోతే మేలెట్లా అవుతుందో నాకు తలకెక్కలేదు. ఆ వారమే నాయన బళ్ళారి వైపు కూలికి పోయాడు. నన్ను మళ్ళీ ఎవరికీ ఇవ్వబోలేదు. ఆ రోజు కళ్ళం వైపు చూసినప్పుడు ఆయనకు ఏమి అర్థమైందో నాకు చెప్పకుండానే కన్నుమూశాడు.

రాజు వేషం కట్టిన పిల్ల ఇప్పుడు ముసలమ్మయి కదిరిలో కూతురి దగ్గర ఉంటోందని తెలిసి, ఈ మధ్య వెళ్ళి ఆ రోజు గీత సంగతి అడిగాను. నోట్లో పళ్ళు లేవు కానీ రాజులాగే మాట్లాడింది.

"గుంజను లోతుకు దింపితిమి మే. అక్క గడ్డపారతో తవ్వితే మేము మన్ను తోడితిమి. మీరు పోయినంక మళ్ళా పైకి లేపితిమి. నీకొక్కదానికేనా? ఆ కరువులో వచ్చిన పిల్లలందరికీ అదే చేసింది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆమెకు కోపం వచ్చింది.

"శానా సంతోషపడొద్దు. కొత్త పిల్లలు రాకపాయె. ఉండేవాళ్ళు గీత దాటిరి. ఆడేదానికి మనిషి లేక కంపెనీ మూతపడె. సినిమా డేరాలొచ్చి కంపెనీని చంపినాయంటారు జనం. కాదు, అక్కే చంపింది. నీకు ఇల్లుండాది, పోతివి. నాకు కంపెనీనే ఇల్లు. నన్ను రోడ్డున పడేసింది. దాన్ని మంచిదంటావా నువ్వు?"

 ఆమె మంచిదో చెడ్డదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఏడంతా మేము అంబలి కోసం కొట్టుకున్నాం. అన్నం దొరికే చోటి నుంచి ఆమె నన్ను వెళ్ళగొట్టింది. మా అమ్మ ఒళ్ళోకి పంపింది. రెండూ నిజమే. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తల తిరుగుతుంది. అక్క ఆ తర్వాత ఏమైందని అడిగితే రాజు పిల్ల తెలియదన్నట్టు చేతులు తిప్పింది.

మొన్న మా మనవరాలిని టౌనులో పిల్లల నాటకాలు నేర్పేచోట పనికిరాదని పంపేశారు. ఇంట్లో అందరూ ఆ నేర్పే అమ్మాయిని తిట్టారు. నేను తిట్టలేదు. ఆటో ఎక్కి ఆ అమ్మాయి దగ్గరికే వెళ్ళి, ఎందుకు వద్దన్నావమ్మా అని అడిగాను. చెప్పింది. సగమే అర్థమై మళ్ళీ చెప్పమన్నాను. ఆ కళ్ళంలో కొలిచిన రోజు నుంచి నాకు మిగిలింది ఇంతే. పిల్లను వద్దన్న మనిషి ముఖం సరిగ్గా చూడకుండా నేను ఇంటికి తిరిగి రాను.