టెస్టరమ్మ, అత్తగారి తడి ఏప్రాన్లు

గుండీల ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. కొప్పులో పువ్వుకు బదులు టెస్టరు దోపుకుని తిరిగే మనిషిని టెస్టరమ్మ అనక ఇంకేమంటారు? చేరింది గుండీలు ఏరే బల్ల దగ్గర. పాత ఎలక్ట్రీషియన్‌కి నిచ్చెన పట్టుకుంటూ ఆరేళ్లలో ఆయన పనితనమంతా నేర్చేసుకుంది. ఆయన రిటైరవగానే ఆ నిచ్చెన తనే ఎక్కేసింది. కోడలు నిచ్చెనలెక్కడమేమిటని అత్తగారు నెల రోజులు మాట్లాడలేదు. ఆవిడా అక్కడే పనివాళ్ల ఏప్రాన్లు ఉతుకుతుంది. మాటల్లేకపోయినా కోడలి క్యారేజీ మాత్రం ఆవిడే సర్దేది, అది వేరే సంగతి.

ఇహ ఆ రోజు చూడాలి టెస్టరమ్మ హడావుడి! మేనేజరు ప్రాణాలు తోడేసి మరీ కప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించి మూడు నెలలైంది. ఆ రోజు పది నుంచి నాలుగు దాకా యంత్రాలన్నీ ఎండతోనే నడవాలి. ఇన్నాళ్లూ నడిపిన డీజిల్ జనరేటర్ ఒక్కసారి అందుకుందా, కంపెనీవాళ్ల రెండో ఫ్యాక్టరీకి ప్యానెళ్లు రావు, టెస్టరమ్మ తిరిగి ఏరే బల్లకే. మేనేజరు ఖరాఖండిగా చెప్పేశాడు.

పదింటికి మెయిన్ స్విచ్ సోలార్ వైపు తిప్పింది. జనరేటర్ నోరు మూసుకుంది, యంత్రాలు మాత్రం ఆగలేదు. ఇన్నేళ్లూ అరుచుకుంటూ మాట్లాడుకున్న ఆడవాళ్లు అలవాటు కొద్దీ అరిచి, తమ గొంతుకు తామే ఉలిక్కిపడి పకపకా నవ్వారు. టెస్టరమ్మకైతే కాళ్లు నేల మీద నిలవలేదు.

పదకొండున్నరకి సోలార్ కరెంటు చూపే మీటరులో అంకె జారడం మొదలైంది. అరవై, యాభై మూడు, నలభై ఎనిమిది. నలభైకి దిగితే జనరేటర్ దానంతటదే అందుకుంటుంది. ఆకాశంలో చూద్దామంటే మబ్బు తునక లేదు. మీటరు దగ్గర మేనేజర్ని నిలబెట్టి, ఫోను చెవికి ఆనించుకుని రెండేసి మెట్లు దూకుతూ కప్పెక్కింది.

ఎక్కి చూస్తే ఏముంది! ప్యానెళ్ల మీద తడి ఏప్రాన్లు బారులు తీరి ఉన్నాయి. ఇంకోటి దులిపి పరుస్తోంది అత్తగారు. ప్యానెళ్లు పెట్టేందుకు కప్పు మీద బట్టలారేసే తీగలు పీకేశారు, వరండాలో బట్టలు ముక్కిపోతున్నాయి, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం!

"అత్తయ్యా, తీసేయండి. నా కొంప మునుగుతోంది."

కోడలి మొహం చూసి ఆవిడ ఎందుకని కూడా అడగలేదు. ఇద్దరూ చెరో వైపు నుంచి లాగేశారు. ఫోనులో మేనేజరు నలభై ఒకటన్నాడు. తర్వాత యాభై. అరవై. టెస్టరమ్మ ఏప్రాన్లు కుప్పేసి ఫోను పెట్టేయబోయింది. అంతలో డెబ్భై ఒకటన్నాడు. నెల రోజులుగా అరవై దాటని మీటరది!

ఏప్రాన్లు లాగిన చోట ప్యానెళ్లు నిగనిగలాడుతున్నాయి. పక్కవి పాలిపోయి ఉన్నాయి. అత్తగారు వాటిలో ఒకదాని మీద వేలితో రుద్ది, తెల్లబడ్డ వేలు కోడలికి చూపించింది. గుండీలు సానపట్టిన పొడి.

"వీటి మొహం ఎప్పుడైనా కడిగావా?"

టెస్టరమ్మ ప్రతి వైరూ పదిసార్లు చూసుకుంది గానీ, ఆ ఊసే తట్టలేదు. సిగ్గుతో, సంతోషంతో నవ్వాగలేదు. అవే తడి ఏప్రాన్లతో ఇద్దరూ మిగతావన్నీ తుడిచేశారు. నాలుగయ్యేదాకా జనరేటర్ కిక్కురుమనలేదు.

రెండో ఫ్యాక్టరీలో ప్యానెళ్లు పెట్టించడానికి వెళ్లమంటే టెస్టరమ్మ ఒక్కటే కోరింది: ప్యానెళ్లు తుడిచే పని అత్తయ్యకివ్వాలని. అక్కడ కప్పుకు మెట్లు లేవు, నిచ్చెనే. మొదటి రోజు అత్తగారు చెంగు బిగించి ముందు తనే ఎక్కింది.

"గట్టిగా పట్టుకోవే, నాకిది కొత్త."

టెస్టరమ్మ రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది.