పడమటి గోడ, కొట్టేయించిన చెట్టు

2023 జూన్ నెల, టెక్సస్‌లోని ప్లేనో. ఇళ్లలోకి వేడి ఎక్కడి నుంచి చొరబడుతోందో, ఏసీ చల్లదనం ఎక్కడి నుంచి జారిపోతోందో చూసి చెప్పడం నా పని. దీన్ని హోమ్ ఎనర్జీ ఆడిట్ అంటారు. చాలా ఏళ్లుగా చేస్తున్నాను. నన్ను పిలిచేవాళ్లలో సగం మంది "ఏసీ పాడైంది, వచ్చి చూడండి" అంటారు. నేను ఏసీ మెకానిక్‌ని కాను మొర్రో అన్నా వినరు.

కిరణ్ కూడా అలాగే పిలిచాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అనంతపురం అబ్బాయి. భార్య శిరీషది కరీంనగర్. ఆమె నెలలు నిండకుండా పుట్టిన పసికందుల ఐసీయూలో నర్సు. నైట్ షిఫ్ట్. పొద్దున ఇంటికొచ్చి సాయంత్రం దాకా పడుకోవాలి.

"పొద్దునంతా బాగానే పడుకుంటాది మేడమ్. మధ్యాహ్నం రెండయితే చాలు, లేచి కూర్చుంటాది. రూమ్ ఓవెన్ అయిపోతాది. థర్మోస్టాట్ ఎంత తగ్గించినా యూజ్ లేదు" అన్నాడు కిరణ్.

"ఇంకో గదిలో పడుకోకూడదా?" అన్నాను.

శిరీష కళ్లకింద నల్లటి చారలతో సోఫా అంచున కూర్చుని ఉంది. "పైన ఇంకా వేడి అక్కా. ముందు రూమ్‌ల ఈయన మీటింగులు. మొన్న డ్యూటీకి పోతుంటే సిగ్నల్ కాడ కన్ను మూతపడ్డది. వెనకాయన హారన్ కొడితే ఉలిక్కిపడి లేచిన. నేను చూసేది అరచేతిల పట్టేంత పిల్లల్ని. మందు ఒక్క చుక్క ఎక్కువైనా ప్రాణం మీదికొస్తది. ఇట్లనే ఉంటే ఈ నెలాఖరుకు రిజైన్ చేస్తా" అంది. ఆ పని ఆమెకు ఎంత ఇష్టమో ఆ గొంతులోనే తెలిసింది.

పడకగది చూశాను. కిటికీకి లోపలివైపు దుప్పటంత మందమైన నల్ల కర్టెన్ వేశారు. అందరూ చేసే పని ఇదే. కర్టెన్ వెలుతురును ఆపుతుంది కానీ, ఎండ గాజు దాటిందంటే వేడి ఇంట్లోకి వచ్చేసినట్టే. దొంగ లోపలికి వచ్చాక తలుపు గడియ పెడితే ఏం లాభం? థర్మల్ కెమెరా పెట్టి చూశాను. వేడిని రంగుల్లో చూపించే పరికరం అది. పడమటి గోడ మొత్తం ఎర్రగా మండుతోంది. బయటివైపంతా ఇటుక. మధ్యాహ్నం తాగిన ఎండను చీకటి పడ్డా వదలదు.

పెరట్లోకి వెళ్లి ఆ గోడకు వీపు పెట్టి నిలబడితే, కాస్త కుడిగా వెడల్పాటి మొద్దు కనిపించింది. కోసి ఎన్నో నెలలు కాలేదు.

"ఇక్కడ చెట్టుండేదా?"

కిరణ్ నేల చూపులు చూశాడు. "చెప్పు, చెప్పు. మీ సిద్ధాంతి గారి ముచ్చట చెప్పు" అంది శిరీష.

చలికాలంలో ఇల్లు కొన్నారట. తులసికోట ఎక్కడ పెట్టాలో అడగడానికి కిరణ్ పెరటి బొమ్మ గీసి, అనంతపురంలో ఉన్న వాస్తు సిద్ధాంతికి వాట్సాప్ చేశాడు. స్కూల్లో మ్యాప్ గీసిన అలవాటు కొద్దీ, కాగితం పైభాగాన ఉత్తరం అని రాసేశాడు. పై మూలన కుడివైపు పెద్ద చెట్టు. ఈశాన్యంలో అంత బరువు పనికిరాదు, తీయించేయమన్నాడు ఆయన. మావాడు వారం తిరక్కుండా తీయించేశాడు.

ఫోన్‌లో కంపాస్ తెరిచి చూపించాను. "నాయనా, నువ్వు ఉత్తరమని రాసింది పడమర. నువ్వు కొట్టేయించిన చెట్టు ఈశాన్యంలో లేదు, వాయవ్యంలో ఉంది. వేసవిలో పొద్దు గుంకేది సరిగ్గా దాని వెనకే."

కిరణ్ వెళ్లి ఆ మొద్దు మీదే తల పట్టుకుని కూర్చున్నాడు. శిరీష ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. "కోడ్‌ల ఒక్క కామా తప్పితే రాత్రంతా వెతుకుతడక్కా ఈయన. దిక్కు మాత్రం చూసుకోలే" అంది.

తిట్టుకుంటూ కూర్చుంటే గోడ చల్లబడదు కదా. గోడకు అడుగు ఎడంగా, తీగ పాకడానికి నిలువు పందిరి వేయించాను. ఆ ఎడం ముఖ్యం, వేడిగాలి పైకి పోవడానికి దారి ఉండాలి. తీగ గోడను పట్టుకుంటే ఇటుకల మధ్య సిమెంటు పాడవుతుంది కూడా. కిటికీకి బయటివైపు సోలార్ స్క్రీన్ బిగించాం. అది ఎండను గాజు దాకా రానివ్వని వల. పందిరికి ముందు నీడబట్ట కట్టి, మా ఇంట్లో తొట్లలో అప్పటికే మూరెడు ఎదిగిన సొర మొక్కలు తెచ్చి కింద నాటించాను. కిరణ్ రెండుపూటలా నీళ్లు పోశాడు. పాపభీతి అంటే అదే.

సిద్ధాంతి గారికి మళ్లీ ఫోన్ చేశాడట. ఆయన, "వాయవ్యమా? అక్కడ చెట్టుంటే మీకేం నొప్పి బాబూ, ఎందుకు కొట్టించారు?" అన్నారట! చలి మొదలవగానే అదే చోట కొత్త మొక్క నాటమన్నాను.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం పని ఎలా ఉందో చూడడానికి వెళ్లాను. బయట నిప్పులు కురుస్తున్నాయి. బెల్ కొట్టబోతుంటే కిరణ్ తలుపు తీసి పెదవుల మీద వేలు పెట్టాడు. నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి గుసగుసగా చెప్పాడు.

"రెండయింది, లేవలేదు మేడమ్. మూడయింది, లేవలేదు. నాకు భయమేసి పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినా."

"ఓరి నీ! ఏమైంది?"

"గురక పెడతా ఉంది."

ఇద్దరం నోళ్లు నొక్కుకుని నవ్వాం. పెరట్లో సొరతీగ గోడ కనబడకుండా అల్లుకుపోయింది. కానీ లోపలి గోడ ఎంత చల్లబడిందో కొలవాలంటే ఆ గదిలోకి వెళ్లాలి. నాకు మనసొప్పలేదు.

ఇన్నేళ్లూ నేను ఏ ఇంటికెళ్లినా గోడల్నీ కిటికీల్నీ అడిగేదాన్ని. ఇప్పుడు ఫోన్‌లోనే మొదటి ప్రశ్న వేస్తాను, ఆ గదిలో ఎవరు పడుకుంటారు, ఏ వేళప్పుడు అని. జవాబు విన్నాకే ఏ గోడకు మొదట నీడ కావాలో తెలుస్తుంది. శిరీష రిజైన్ చేయలేదు. ఆ ఆగస్టు మధ్యాహ్నం రిపోర్టులో గది ఉష్ణోగ్రత రాయాల్సిన చోట, "నర్సు గారు నిద్రపోతున్నారు" అని రాసి సంతకం పెట్టాను.