రూతు బొమ్మల పుస్తకం

పుష్పావతి టీచర్ మా బడికి వచ్చిన మొదటి వారంలోనే రంగు పెన్సిళ్ల డబ్బాలన్నీ తెరిచి, ఒక్కో డబ్బాలోంచి ఒక్కో పెన్సిలు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్లలు దాన్ని స్కిన్ కలర్ అంటారు. లేత గులాబీ రంగు. నాగాయలంక పక్కన మా ఊళ్లో ఆ రంగు ఒళ్లున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. అయినా ప్రతి పిల్లా తన బొమ్మ మొహానికి అదే పూసేది. హెడ్మాస్టర్ని కనుక, బడి సామాను దాచిపెట్టడమేమిటని కాస్త గట్టిగానే అడిగాను. "వాళ్ల మొహాలు వాళ్లు సరిగ్గా చూసుకున్నాక ఇచ్చేస్తానండి" అంది. మర్నాడు ఇంటి నుంచి ఒక అద్దం తెచ్చి గోడకు తగిలించింది.

ఆమె పుట్టింది గిలకలదిండిలో. తండ్రి హార్బర్‌లో పడవలకు ఐసు మోసేవాడు. గుడివాడలో డిగ్రీ చదివి, రెండుసార్లు తప్పి మూడోసారి డీఎస్సీ కొట్టింది. చిన్నప్పుడు తను చదివిన ఏ పుస్తకంలోనూ ఐసు మోసే నాన్న కనపడలేదని, అందుకే తన నాన్న బొమ్మల్లో పెట్టదగ్గ మనిషి కాడని చాలా ఏళ్లు అనుకున్నానని ఒకసారి నాతో చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వలేదు.

నాలుగో తరగతి పిల్లలచేత ఆమె బొమ్మల పుస్తకాలు చేయించింది. ఎవరి పుస్తకం వారిదే, ఎవరి కథ వారిదే. ఎనిమిది పేజీలు, వలలు అల్లే దారంతో కుట్టు. అట్టలకు పెడన నుంచి కలంకారీ గుడ్డ ముక్కలు నేను తెచ్చిచ్చాను. మాది అద్దకం పని చేసే ఇల్లు, మా తమ్ముడు ఇప్పటికీ అదే పనిలో ఉన్నాడు. మొదటి పేజీలో నా మొహం, తర్వాత మా ఇల్లు, అమ్మానాన్నల పని, చివరి పేజీలో నా పేరు. దానికి ఆమె పెట్టిన నియమం ఒకటే. అన్నానికి రమ్మని అమ్మ ఏ పేరుతో కేకేస్తుందో ఆ పేరే రాయాలి.

చిట్టిలు, బుజ్జిలు, పండులు బయటపడ్డారు. సుమలత మాత్రం కలం పట్టుకుని కూర్చుంది. మిమ్మల్ని మీ అమ్మ ఏమని పిలుస్తుందని టీచర్నే అడిగింది. టీచర్ అందరి ముందూ "షీబా" అని చెప్పింది. అప్పుడు ఆ పిల్ల నల్ల రంగు బాగా దట్టించి తన మొహం వేసుకుని, చర్చిలో డోలక్ వాయిస్తున్న నాన్న బొమ్మ వేసి, కింద రాసింది: నా పేరు రూతు. మా నాన్న జకరయ్య.

రికార్డుల్లో ఆ జకరయ్య శ్రీనివాసరావు. రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. ఇటువైపు చాలా ఇళ్లలో ఇంతే, కాగితం మీద ఒక పేరు, ప్రార్థనలో ఒక పేరు. క్రైస్తవులని తేలితే ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. మతం మారినంత మాత్రాన ఊరు వాళ్లను చూసే చూపు మారిందా అంటే, ఆ సంగతి ఏ కాగితమూ అడగదు.

పుస్తకాలన్నీ టీచర్ ఆ పెన్సిళ్ల పక్కనే బీరువాలో పెట్టింది. ఎందుకు పెట్టిందో నేను ఆలోచించలేదు. బడికి మంచి పేరు వస్తుందని, మా తమ్ముడి అద్దకం నలుగురూ చూస్తారని, అన్నిటిలోకీ ముద్దుగా ఉన్న పుస్తకం తీసి పేజీ పేజీ ఫోటో కొట్టి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ పుస్తకం రూతుది. నాకు పుట్టిన దగ్గర్నుంచి కోటేశ్వరరావు అని ఒకటే పేరు. దాన్ని దాచుకోవలసిన అవసరం ఒక్కరోజూ రాలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది అందుకే.

అప్పటికి ఆ పిల్లకు గుడివాడ వైపు గురుకులంలో ఎస్సీ కోటా కింద ఐదో తరగతి సీటు వచ్చి ఉంది. సర్టిఫికెట్ల పరిశీలన ఒక్కటే మిగిలింది. పది రోజులు తిరక్కుండా ఎవరో తహసీల్దారుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాడు, నేను తీసిన ఫోటోలు జత చేసి.

జకరయ్య బడికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "చెరువు గట్టు మీద పడుకునే బతుకు నాతోనే పోవాలనుకున్నానండి" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

విచారణకు వచ్చిన రెవెన్యూ ఆయన చెడ్డవాడేమీ కాదు. టీ కూడా వద్దన్నాడు. ఫోన్లో ఫోటో పైకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక పక్క టీచర్, ఇంకో పక్క ఆ పిల్ల.

"ఈ రూతు ఎవరండీ?" అని అడిగాడు.

టీచర్ ఆ బొమ్మ వంక చూసింది. పిల్ల టీచర్ వంక చూస్తోంది.

"కథలో పిల్లండీ. నేను పెట్టిన పేరు. ఈ పాప సుమలత."

ఆయన నా వైపు తిరిగాడు. అవునన్నాను. పిల్ల వైపు తిరిగి, అంతేనా అమ్మా అన్నాడు. ఆ పిల్ల టీచర్ మొహంలోకి మరోసారి చూసి, అంతేనండి అంది. ఆయన రాసుకుని సంతకాలు తీసుకున్నాడు. టీచర్ పుష్పావతి అని సంతకం చేసింది.

ఆయన వెళ్లాక ఆమె బల్ల దగ్గర నుంచి లేవలేదు. "పేతురు యేసును ఎరగనని మూడుసార్లు బొంకాడు సార్. తన ప్రాణం కోసం బొంకాడు. నేను పసిదాని పేరును దాని ఎదురుగానే లేదన్నాను" అంది. ఇంకేం చెప్పగలవమ్మా అన్నాను. నా మాట నాకే రోతగా వినిపించింది.

సీటు దక్కింది. జూన్‌లో నాగాయలంక బస్టాండుకు ఇద్దరం వెళ్లాం. జకరయ్య ట్రంకు పెట్టె బస్సులోకి ఎక్కిస్తున్నాడు. టీచర్ కాగితంలో చుట్టిన ఆ పుస్తకం సంచిలోంచి తీసి, "రూతూ" అని పిలిచింది.

ఆ పిల్ల ముందు అటూ ఇటూ చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"ఇక్కడ అలా పిలవకండి టీచర్. ఎవరన్నా వింటారు."

పదేళ్లు నిండలేదు. మేం చెప్పిన పాఠాలన్నిటిలో అదొక్కటే దానికి బాగా వంటబట్టింది. పుస్తకం ముట్టుకోకుండానే బస్సెక్కింది.

మర్నాడు కొత్త నాలుగో తరగతి పిల్లలకు బొమ్మల పిరియడ్. పుష్పావతి టీచర్ గోడ మీది అద్దం దించి మూలన పెట్టింది. బీరువా తాళం తీసి, గులాబీ పెన్సిళ్లు ఒక్కొక్కటి ఒక్కో డబ్బాలో సర్దింది. ఆపాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని ఆపను?